గ్రాఫులోంచి తీసేసిన గీత

రౌహా ఆ మంగళవారం కూడా పట్టీని చేతిరుమాల్లో చుట్టి తెచ్చి బల్లమీద పెట్టింది.

“మళ్లీ చచ్చింది, అమ్మాయ్.”

వెన్లా కంప్యూటర్ మీదనుంచి చూపు తిప్పలేదు. నాలుగు వారాల్లో ఇది నాలుగోసారి.

ఆ పట్టీ వేలెడు పొడవు, కాగితమంత పలచన. గుండె పైన అతికిస్తే ప్రతి చప్పుడూ నమోదు చేస్తుంది. తేడా వస్తే ఇంట్లోవాళ్ల ఫోన్లకి హెచ్చరిక పంపుతుంది. కంటికి ఆనని కార్బన్ పోగులతో అల్లిన పొర అది. దాన్ని నడిపే బ్యాటరీని కూడా అదే పొరమీద సిరాతో అచ్చు వేసినట్టు వేశారు. ఆ బ్యాటరీయే వెన్లా ఆరేళ్ల పరిశోధన.

ఆసుపత్రిలో రోగులకి పెట్టేముందు, ఆరోగ్యంగా ఉన్న ముప్ఫైమంది మీద విశ్వవిద్యాలయంలో పరీక్షిస్తున్నారు. పేపర్లో ప్రకటన చూసి వచ్చినవాళ్లలో రౌహా ఒకతె. డెబ్బై ఆరేళ్లు, ఒంటరి మనిషి. వచ్చినప్పుడల్లా రెండు కప్పుల కాఫీ తాగి, యాలకుల బన్ను తిని, గంటసేపు కదిలేది కాదు. ఊసుపోక వస్తోందని ల్యాబులో అందరూ అనుకున్నారు.

సౌనా ఆవిరిగదిలోకి పట్టీతోనే వెళ్లారా అని వెన్లా అడిగింది. వెళ్లానంది రౌహా.

“తీసేసి వెళ్లమని కాగితంలో రాశాం కదండీ.”

“నేను లోపలికి వెళ్తే నా గుండె బయట బెంచీమీద కూర్చుంటుందా? ఫిన్లాండ్‌లో ఉంటూ సౌనా మానెయ్యమంటావా?”

మిగతా ఇరవై తొమ్మిదిమందీ ఆ ఆవిరిగదిలోకి అడుగుపెట్టేముందు పట్టీ తీసేసేవారు.

రౌహా పట్టీ మూలని గోటితో చూపించింది. వేడికి ఏమీ కావడం లేదని, బయటికొచ్చి ఒళ్లు చల్లబడేటప్పుడు ఈ మూల విచ్చుకుని చెమట లోపలికి పోతోందని చెప్పుకొచ్చింది. వెన్లా పట్టీని ఆమె చేతిలోంచి తీసేసుకుంది. సూక్ష్మదర్శిని కింద తాము చూశామని, ఏ మూలా విచ్చుకోలేదని చెప్పింది.

“చల్లారాక చూస్తే మూసుకునే ఉంటుంది. చల్లారుతుండగా చూడు.”

పక్క బల్ల దగ్గర ఎవరో నవ్వారు.

వెన్లా మొహం ఎర్రబడింది. పరిశోధన వ్యాసం పంపడానికి తొమ్మిది రోజులే గడువు. బ్యాటరీల పనితీరు చూపే గ్రాఫులో ఇరవై తొమ్మిదిమంది గీతలు తిన్నగా సాగుతున్నాయి. రౌహా గీత ఒక్కటి మాత్రం మధ్యమధ్య తెగి పడిపోతోంది.

“రౌహా గారూ, ఇక మీరు రానక్కర్లేదు. మీవల్ల మాకు ఇబ్బందిగా ఉంది.”

రౌహా చేతిరుమాలు మడిచి జేబులో పెట్టుకుంది. తాగిన కప్పు కడిగి బోర్లించింది. బూట్లు తొడుక్కుని, మొదటి మంచు పడుతున్న వీధిలోకి వెళ్లిపోయింది.

ఆ పూటే వెన్లా ఆమె గీతను గ్రాఫులోంచి తీసేసింది. కారణం అన్నచోట ‘సూచనలు పాటించలేదు’ అని రాసింది.

వ్యాసం అచ్చయింది. ల్యాబులో కేకు కోశారు. జూన్‌లో నలభైమంది రోగుల గుండెలమీద పట్టీలు అతికించారు. ఏ పరిస్థితిలోనూ తీయొద్దని డాక్టర్లు గట్టిగా చెప్పారు.

వేసవి సెలవులకి రోగులు సరస్సుల ఒడ్డున ఉన్న తమ కుటీరాలకి వెళ్లారు. సౌనాలు వేడి చేసుకున్నారు. పట్టీలతోనే లోపలికి వెళ్లారు.

జూలై నెలాఖరుకి పదకొండు పట్టీలు మూగబోయాయి.

అందులో ఒకటి తౌనో అనే, పడవలు చేసే వడ్రంగిది. సౌనాలోంచి వచ్చి నీటి ఒడ్డున చెక్కలమీద గాలికి కూర్చున్నప్పుడు అతని గుండె తడబడింది. పట్టీ పలకలేదు. భార్య కుటీరంలో బంగాళాదుంపలు ఉడకేస్తోంది. భోజనానికి పిలుద్దామని ఆమె వచ్చేసరికి అంతా అయిపోయింది.

ప్రయోగం ఆపేశారు.

వెన్లా మూడు రోజులపాటు పట్టీలను వేడిచేసి చూసింది. ఏమీ దొరకలేదు. నాలుగోరోజు ఒకదాన్ని చల్లారుతుండగా చూసింది.

మూల వెంట్రుకవాసి విచ్చుకుంది. నిమిషన్నరలో మళ్లీ మూసుకుంది.

ఆమె లేచి, ఫైల్లో చిరునామా వెతికి, సైకిలెక్కింది.

తలుపు తీసింది రౌహా కాదు, ఆమె చెల్లెలి కొడుకు ఓస్మో. లోపల అట్టపెట్టెలు సర్దుతున్నాడు. పెద్దమ్మ ఏప్రిల్‌లోనే పోయిందని, నిద్రలోనే పోయిందని చెప్పాడు.

వెన్లా గడప దగ్గరే నిలబడి తానెవరో చెప్పింది.

“పట్టీ అమ్మాయివి నువ్వేనా?” అని ఓస్మో ఒక పెట్టెలోంచి చిన్న నోటుపుస్తకం తీసిచ్చాడు.

ఏ రోజు, ఎంత వేడిలో ఎంతసేపు కూర్చుందో, బయటికొచ్చిన ఎన్నో నిమిషంలో ఫోన్‌లో గీత ఆగిందో, అంతా పెన్సిల్‌తో రాసి ఉంది. చివరి పేజీలో పట్టీ మూల బొమ్మ. మూలల్ని గుండ్రంగా కోస్తే విచ్చుకోదని దాని కింద ఒక్క ముక్క.

“ఇది నాకెందుకు పంపలేదు?”

“పంపమన్నాను. నీకు చదువుంది, నువ్వే కనిపెడతావంది. రావద్దన్నచోటికి మళ్లీ వెళ్లి విసిగించనంది.”

వెన్లా ఆ బొమ్మని మళ్లీ చూసింది. ఒక్క గీతా వణకలేదు. నాలుగు వారాలు ఎదురుగా కూర్చున్న మనిషిని, మీరేం పని చేసేవారని తను ఒక్కసారీ అడగలేదు.

ఇప్పుడు అడిగింది.

ఓస్మో పెట్టె మూత అంటిస్తూ, తలెత్తకుండా చెప్పాడు. పెద్దమ్మ ముప్ఫై ఒక్క ఏళ్లు రేడియోల ఫ్యాక్టరీలో పనిచేసిందని, ఇంజనీర్లంతా బాగుందని తేల్చాక కూడా ఆపదలో ఓడలు సాయం కోసం పిలిచే రేడియో ఏదీ ఆమె పరీక్షించి సంతకం పెట్టనిదే గేటు దాటేది కాదని.