చుక్కలు పెట్టింది నేను

తప్పులుంటే మన్నించండి. యాభై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను, రాయడం నిదానం.

పెరూ కొండల్లో పాత రాతి ఊరు చూడడానికి 1984లో ఒక్కదాన్నే బయల్దేరాను.

"భయపడి మధ్యలో వచ్చేశావంటే మళ్లీ ఎక్కడికీ పంపనమ్మా," అంది మా అమ్మాయి ప్రమోద, ఎయిర్‌పోర్ట్‌లో.

"నువ్వు పంపేదేంటే? టికెట్ నేనే బుక్ చేసుకున్నా."

శిథిలాల పక్కన రాతిగదిలో రెండు రాత్రుల బస. కొండమీద ఇంకెవరూ లేరు. మొదటి సాయంత్రం అలవాటుగా గడప ముందు బియ్యప్పిండితో ముగ్గుచుక్కలు పెట్టి, గీతలు పొద్దున కలుపుదామని తలుపేసుకున్నాను. రాత్రి గాలి ఆగిపోయింది. గడప అవతల రాతిమీద పిండి రాలుతున్న సన్నటి చప్పుడు చాలాసేపు వినిపించింది. పిండిడబ్బా నా తల దగ్గరే ఉంది.

తెల్లారేసరికి చుక్కలన్నీ కలిసి ఉన్నాయి. ఒక్క గీతా తప్పలేదు.

నేను కొండ దిగలేదు. ఆ సాయంత్రం ఇంకో వరుస ఎక్కువ పెట్టి, డబ్బా బయటే ఉంచాను.

కొల్లిపర రత్తమ్మ, 63 ఏళ్లు, నోవై, మిషిగన్, 1985.