రాసుకున్న స్వభావం

"దుష్టుడు," అని తన కాగితంలోంచి పైకి చదివాడు కొత్తాయన.

అందరూ నవ్వారు.

అది కళ్ళద్దాల షాపు వెనక గది. ఆదివారం మధ్యాహ్నం షట్టరు సగం దించి, బల్ల చుట్టూ కూర్చుని ఆడే ఆట. ఒకరు మాటలతోనే కోటలూ గుహలూ కడతారు. మిగతావాళ్ళు తలో పాత్రనీ కాగితం మీద రాసుకుని, అదే అయిపోయి అందులో తిరుగుతారు. ఎవరు బతికేదీ ఎవరు చచ్చేదీ పాచిక తేలుస్తుంది. ఆడించేది షాపు యజమానురాలు. చిన్నా పెద్దా అందరికీ ఆవిడ అక్కే.

ఆట మొదలుపెట్టింది మాత్రం ఆవిడ తమ్ముడు. నిబంధనలన్నీ ఒక నోటుబుక్కులో రాసిపెట్టాడు. రెండేళ్ళ కిందట పనిచేసే గిడ్డంగి అంటుకుని వాడు పోయాక, ఆ నోటుబుక్కే అక్కకి వేదమైంది.

మొదటి పేజీలో మొదటి మాట: ‘నీ కాగితం ఎవరికీ చూపించక్కర్లేదు. నీ పాత్ర స్వభావం మంచిదో చెడ్డదో మాత్రం పైకి చదువు. చదివాక దాన్ని దాటకు.’

"చూస్తే నోట్లో నాలుక లేని మనిషిలా ఉన్నారు. మీరు దుష్టుడేంటండీ!" అన్నాడు టైలరు.

"దుష్టుణ్ణేనండీ," అన్నాడాయన.

అంత ఎండలోనూ చేతులకి నూలు గ్లవుజులు. పాచికని వేళ్ళతో పట్టుకోడు. రెండు అరచేతుల మధ్య పెట్టుకుని దొర్లిస్తాడు. ఏవో వేషాలులే అనుకుంది అక్క.

మొదటి ఆదివారం టైలరు పాత్ర బావిలో పడింది. తాడు వేసింది దుష్టుడే.

రెండో ఆదివారం లెక్కల మేష్టారి పాత్రకి విషం ఎక్కింది. వీపున వేసుకుని మూడు కొండలు దాటించిందీ దుష్టుడే.

"మేకవన్నె పులుల గురించి విన్నాం గానీ, పులివన్నె మేకని ఇప్పుడే చూడ్డం!" అన్నాడు టైలరు.

అక్కకి నవ్వు రాలేదు.

"ఏవండీ, చెడ్డవాడని రాసుకుని ఇవేం పనులు? పోనీ, మంచివాడని మార్చుకోండి."

"మార్చలేనమ్మా."

"అయితే చెడ్డగా ఆడండి."

"ప్రయత్నిస్తానమ్మా."

మూడో ఆదివారం గుహలోకి వరద వచ్చింది. అందరూ పడుతూ లేస్తూ బయటపడ్డారు.

"దీపం మోసేవాడు లోపలే ఉండిపోయాడు," అంది అక్క, కథ రక్తి కట్టడానికి. పేరు కూడా పెట్టని పాత్ర అది.

గ్లవుజులాయన లేచి నిలబడ్డాడు.

"నేను వెనక్కి వెళ్తున్నాను."

"కుదరదు."

"ఒక్కసారి పాచిక వెయ్యనివ్వండమ్మా. సరిగ్గా పడకపోతే నేనూ మునిగిపోతాను. పరవాలేదు."

"దుష్టుడు ఎవడికోసమూ వెనక్కి వెళ్ళడు. తన ప్రాణం చూసుకుని బయటపడతాడు. అలాంటివాళ్ళ సంగతి నాకు బాగా తెలుసు!"

గిడ్డంగి అంటుకున్న రోజు తమ్ముడితో పాటు లోపలున్న ముగ్గురూ బతికారు. వాడొక్కడే రాలేదు. పరామర్శకొచ్చిన గిడ్డంగివాళ్ళకి ఆవిడ తలుపే తియ్యలేదు. ఎవరేం చెప్పబోయినా వినలేదు. ఆ కడుపుమంట ఇంకా చల్లారలేదు.

"ఒక్కసారమ్మా," అన్నాడాయన. కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి.

"పోనీ వెయ్యనిద్దూ అక్కా, ఆటే కదా," అన్నారు మేష్టారు.

"మా తమ్ముడి మాట దాటనివ్వను," అంటూ పాచికని గుప్పిట్లో బిగించుకుంది అక్క.

ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. అందరికీ దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు.

తరవాతి రెండు ఆదివారాలూ ఆ కుర్చీ ఖాళీ.

మూడో వారం ఒకావిడ షాపుకొచ్చింది. అద్దాల కోసమేమో అనుకుంది అక్క.

"మా ఆయన ఇక్కడికే వచ్చి ఆడేవారమ్మా. ఇది మీకిమ్మన్నారు," అంటూ మడిచిన కాగితం బల్ల మీద పెట్టింది.

"గ్లవుజులాయనా? ఎలా ఉన్నారు?"

"పోయారమ్మా, మొన్న గురువారం. ఆ పొగకి ఊపిరితిత్తులు ఎప్పుడో పాడైపోయాయి. డాక్టర్లు చెప్పినదానికన్నా ఎక్కువే బతికారు."

"ఏ పొగ?"

"గిడ్డంగిలో కాపలా ఉద్యోగం కదమ్మా. అంటుకున్న రోజు ముగ్గుర్ని ఒక్కొక్కరినే భుజాన వేసుకుని తెచ్చారు. నాలుగో అతని కోసం వెళ్తే ఇనుప తలుపు బిగుసుకుపోయింది. కాలుతున్న గడియ పట్టుకుని లాగుతూనే ఉన్నారట. జనం వెళ్ళి ఈడ్చుకొచ్చారు. ఆ వేళ్ళు మళ్ళీ వంగలేదు. ఒకణ్ణి వదిలేసి వచ్చిన పాపిష్టివాణ్ణని, రెండేళ్ళూ తనని తనే తిట్టుకున్నారు."

అక్క కుర్చీ లాగి ఆవిడకి వేసింది.

"పోయేముందు ఒక్క సంగతి కనుక్కుని రమ్మన్నారు. నేను కదిలేలోపే కన్నుమూశారు. దీపం మోసేవాడు బయటికొచ్చాడా అమ్మా? ఎవరో నాకు తెలీదు."

"వచ్చాడమ్మా. మీ ఆయనే తీసుకొచ్చారు," అంది అక్క. తమ్ముడి నిబంధన ఆవిడ దాటడం అదే మొదలు.

వచ్చినావిడ కళ్ళు తుడుచుకుని, తృప్తిగా తలూపి వెళ్ళిపోయింది.

అక్క కాగితం విప్పింది.

కాగితమంతా నోటుబుక్కులోని చేతిరాతే. ‘స్వభావం’ అన్నచోట తమ్ముడు గుండ్రంగా రాసిచ్చిన ‘మంచివాడు’ని అడ్డంగా కొట్టేసి, కింద వంకరటింకర అక్షరాలతో ‘దుష్టుడు’ అని రాసి ఉంది.