మంట రంగు

డాబా మీద ముసలాయన ఫ్లోరా పక్కన వంగి ఆకాశంలోకి వేలు చూపిస్తున్నాడు. మెట్ల దగ్గర నుంచే అది చూసింది జయమణి.

ఆయన పేరు పీర్ మహమ్మద్. పై గదిలో అద్దెకు దిగి పది రోజులే. ఇనుము కరిగించే కొలిమి దగ్గర ముప్పై ఏళ్లు పనిచేశాడట. అంతకుమించి కంచరపాలెంలో ఎవరికీ ఏమీ తెలియదు.

"ఆ నారింజ రంగు సుక్క రోహిణి. మన సూర్యుడి కన్నా నలభై రెట్లు ఎడల్పు," అంటున్నాడు.

"అయితే ఏడి కూడా ఎక్కువేనా తాతా?"

"తక్కువమ్మా. నడిమజ్జిలో ఇంధనం అయిపోయి ఉబ్బిపోయింది. పైన సల్లబడింది. నీలం సుక్కలకే ఏడెక్కువ. రంగు సూత్తే లోపలి సంగతి తెలిసిపోద్ది."

"ఫ్లోరా! కిందకి రా!"

కూతుర్ని ఇంట్లోకి లాగి తలుపేసింది జయమణి.

"పన్నెండేళ్లదానివి, ఆ ముసలోడితో సుక్కలేటే నీకు?"

"మంచోడమ్మా."

"అందరూ మంచోల్లే, పేపర్లో పడీదాకా!"

ట్యూషన్ నుంచి పిల్ల ఐదు నిమిషాలు ఆలస్యమైతే రైలు పట్టాల వైపు పరుగెత్తే మనిషి ఆమె.

మర్నాడు సాయంత్రం ఫ్లోరా స్నానం చేస్తోంది. డాబా మెట్ల పక్కనే స్నానాల గది వెంటిలేటర్; లోపల గోడకు గ్యాస్ గీజరు. పీర్ మహమ్మద్ మునివేళ్ల మీద నిలబడి అందులోకి చూస్తూ జయమణి కంటపడ్డాడు.

ఆమె కేకకు వీధంతా వచ్చింది. పోర్టులో డ్యూటీ దిగి అప్పుడే వచ్చిన ఆమె భర్త సుందర్ రాజ్, వస్తూనే ఆయన చెంప పగలగొట్టాడు.

"గీజరు మంట సూసాను బాబూ! నారింజకి తిరిగిపోయింది. లోపల గాలి సాల్టం నేదు..."

"మా పిల్ల తానం సేత్తంటే నీకు మంట కావాలేట్రా?"

ఇంటి ఓనరు ఉమాశంకర్ ఆయన పెట్టె తెచ్చి వీధిలో పడేశాడు.

"నన్ను ఎన్ని తిట్టినా తిట్టండమ్మా. ఆ గీజరు మాత్రం ఆపీయండి," అంటూనే వెళ్లాడు ముసలాయన.

జయమణి గీజరు ఆపలేదు. వెంటిలేటర్‌కి చెక్క అడ్డం పెట్టించి నాలుగు మేకులు కొట్టించింది.

"ఇంక ఏ ఎదవా సూడ్నేడు," అని ఊపిరి పీల్చుకుంది.

మూడో రోజు స్నానానికి వెళ్లిన ఫ్లోరా ఎంత పిలిచినా పలకలేదు. తలుపు బద్దలుకొట్టారు.

"గాలి లేక గీజరు విషవాయువు వదిలింది. వెంటిలేటర్ మూసిందెవరు?" అన్నాడు డాక్టరు.



ఫ్లోరా బతికింది. కానీ తల్లిని గుర్తుపట్టడానికి రెండు రోజులు పట్టింది.

వారం తర్వాత జయమణి ఓనరు దగ్గర ముసలాయన చిరునామా తీసుకుని వన్‌టౌన్ వెళ్లింది. ముసలాయన కూతురు నూరున్నీసా తలుపు తీసింది. వెనక గదిలో ఆయన గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. పిలిచినా తిరగలేదు.

"మీ కాడ్నించి వచ్చినప్పట్నుంచీ అంతే. ఎవల్తోటీ మాటనేదు. వీధిలోకే రాడు," అంది నూరున్నీసా.

"తప్పు సేసానమ్మా. కానీ ఆడపిల్ల తానాల గదిలోకి తొంగి సూత్తే ఏ తల్లయినా ఏటనుకుంటాది?"

నూరున్నీసా వెనక గది తలుపు దగ్గరగా వేసింది.

"మూడేళ్ల కింద నా కూతురు షిరీన్ గీజరు గ్యాసుకి తానాల గదిలోనే పోయిందమ్మా. మా అబ్బా తలుపు బయటే కూకొని పేపరు సదూతన్నాడు. అప్పట్నుంచీ ఏ ఇంటి ఎంటిలేటర్ కనబడినా ఆగి మంట రంగు సూసీవోడు."