సర్దార్ మాట

పొద్దుటి షిఫ్టు సైరన్ మోగి ఆగేలోగా రాయమల్లు నడిరోడ్డుమీద ఉన్నాడు.

బొగ్గు లారీ కీచుమంటూ ఆగింది.

"ఓ ముసలాయినా, సావనీకి నా లారీయే దొరికిందా?" డ్రైవరు తల బయటపెట్టి అరిచాడు.

"డ్యూటీకి ఆలిశమైతున్నది, జరుగు!" అన్నాడు రాయమల్లు, లారీయే తనకు దారి ఇవ్వాలన్నట్టు.

కోడలు జమున పరుగున వచ్చి ఆయన చెయ్యి పట్టుకుంది. గని నుంచి రిటైరై ఏళ్ళు గడిచాయని ఎన్నిసార్లు చెప్పినా ఆయన తలకు ఎక్కదు. మతిమరుపు జబ్బు అన్నిటినీ తుడిచేసి, సైరన్ ఒక్కదాన్నే మిగిల్చింది.

ఆ సాయంత్రం ఆమె భర్త వీరేందర్ బజారు నుంచి పెద్ద తాళం తెచ్చాడు.

"రేపటి సంది బయట తాళమేసి పోత."

"మీ నాయనను గొడ్డులెక్క కట్టేస్తవా?"

"లారీ కిందవడితే నువ్వు జవాబు చెప్తవా?"

"చెప్త. భూమికింద చీకట్ల చెమటోడ్చి నిన్ను సాదిండు. ముసలితనంల ఆయనను మళ్ళ చీకట్లనే పెడుతనంటే నేనొప్పుకోను. ఇది న్యాయం కాదు. నాకు వారం టైమియ్యి."

వీరేందర్ కాసేపు తాళాన్ని చేతిలో తిప్పాడు.

"వారమే. ఒక్కపారి రోడ్డెక్కినా తాళమే, మళ్ళ నన్ననద్దు."

మతిమరుపు రోగులను చూసుకునే కుటుంబాలకు ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. జమున అందులో చేరింది. వాళ్ళు చెప్పిన చిన్న పెట్టె ఒకటి తెప్పించి తలుపు పైన బిగించింది. తలుపు తెరిస్తే చాలు, మనం రికార్డు చేసి పెట్టిన మాట అది వినిపిస్తుంది.

"మామా, బయటికి పోకు, లోపలికి రా" అని తన గొంతే పెట్టింది.

మర్నాడు సైరన్ మోగింది. తలుపు తెరుచుకుంది. పెట్టె పలికింది.

రాయమల్లు తలెత్తి పెట్టెవైపు కోపంగా చూశాడు.

"బాయిల ఆడోళ్ళు హుకుం జేసుడేంది?"

బాయి అంటే ఆయన పనిచేసిన గని. గడప దాటేశాడు. జమున వాకిట్లోనే అడ్డుపడి వెనక్కి తెచ్చింది. రోడ్డెక్కలేదు గనుక గడువు ఇంకా మిగిలే ఉంది. పట్టుదల ఎలాగూ ఉంది.

జరిగినదంతా గ్రూపులో చెప్పుకుంది. వెంటనే ఫోను మోగింది. 'సారవ్వ, మందమర్రి' అని పేరు కనబడింది. పలికింది మాత్రం మగగొంతు.

"నా పేరు సదయ్య, బిడ్డా. బాయిల సర్దార్‌గ చేసిన. మీ మామది ఏ బాయి?"

పాపం, భార్య సారవ్వకు ఇదే జబ్బు కాబోలు, ఆయన చూసుకుంటున్నాడు కాబోలు అనుకుంది జమున.

"రెండో ఇంక్లైను, కాకా. పేరు రాయమల్లు."

మధ్యాహ్నం మళ్ళీ చేశాడు. "మీ మామది ఏ బాయి, బిడ్డా?"

చెప్పింది.

పొద్దుగూకేవేళ మళ్ళీ. "బిడ్డా, మీ మామ పేరేంది? ఏ బాయి?"

జమునకు ఒళ్ళు మండింది.

"నీకు పొద్దువోతలేదా కాకా? ఈడ నా పానం మీదికొచ్చింది. చాతనైతే సాయం చెయ్యి, లేకుంటే ఫోను చెయ్యకు!"

సదయ్య గొంతు తగ్గించాడు.

"తప్పయింది బిడ్డా. ఆ పేరొక్కటి మళ్ళ చెప్పు."

"రాయమల్లు!" అని పెట్టేసింది.

ఆమె పొయ్యి దగ్గరికి పోయేలోపే వాయిస్ మెసేజ్ వచ్చింది. ఆ గొంతులో తడబాటు లేదు.

"రాయమల్లూ, ఆగు! పైకప్పు మాట్లాడుతున్నది. ఎవ్వలు అడుగు వెట్టద్దు. పోయి కూసో. నేను పిలిచినంకనే రా!"

గనిలో పైకప్పు కూలేముందు పటపటమని చప్పుడు చేస్తుంది. కప్పు మాట్లాడటమంటే అదే. కార్మికుల భద్రత చూసే సర్దార్ పరీక్ష చేసి సరేననేదాకా ఎంత మొండివాడైనా అడుగు ముందుకు వెయ్యడు.

జమున పెట్టెలో తన గొంతు తీసేసి ఆ గొంతు పెట్టింది.

తెల్లవారి సైరన్ మోగింది. రాయమల్లు తలుపు తీశాడు. సర్దార్ పలికాడు.

రాయమల్లు నిలువునా ఆగిపోయాడు. వెనక ఉన్న జమునకు చెయ్యి అడ్డం పెట్టి, "ఆగు బిడ్డా, కప్పు మాట్లాడుతున్నదట" అని ఆమెను కూడా లోపలికి నడిపించి మంచంమీద కూర్చున్నాడు.

బూట్లు తొడుక్కుంటున్న వీరేందర్ అంతా చూశాడు. ఆ తాళం తీసుకుపోయి బండి చక్రానికి వేసుకున్నాడు.

జమున ఆ రోజే సదయ్యకు చెప్పవలసింది. కాని, తాను అన్న మాట గుర్తొచ్చి సిగ్గు అడ్డుపడింది. తీరా కొన్ని నెలలకు మనసు గట్టి చేసుకొని ఫోను చేస్తే ఎవరూ ఎత్తలేదు. గ్రూపులో ఇల్లెక్కడో కనుక్కొని మందమర్రి బస్సెక్కింది.

క్వార్టరు ముందు ఒక ముసలావిడ మిరపకాయలు ఎండబోస్తోంది.

"సదయ్య కాక ఉన్నడా అవ్వా? నేను జమునను, గోదావరిఖని నుంచి."

"రాయమల్లు కోడలివా!" ఆవిడ ముఖం వెలిగింది. "ఆ దినం పొద్దంత మీ మామ పేరే అనుకున్నడు బిడ్డా, మరిచిపోతనేమోనని. గా మాట పంపినంక మంచిగ నిద్రవోయిండు. గిప్పుడు నోట మాటే వస్తలేదు."

"నేను గట్టిగ అన్నవ్వా. కాళ్ళు మొక్కి తప్పయిందని చెప్పుకుందామని వచ్చిన. సారవ్వ ఎట్లున్నది?"

"నేనే సారవ్వను గదా!"

"మరి... గ్రూపుల ఎవరికోసమవ్వా..."

జమున మాట పూర్తి కాకుండానే క్వార్టరు తలుపు లోపలినుంచి తెరుచుకుంది.

తలుపు పైనున్న పెట్టె సారవ్వ గొంతుతో "డ్యూటీ దిగినవయ్యా, గిది మనిల్లే, బయటికి పోకు" అని పలకగానే, సర్దార్ సదయ్య గడపమీద మోపిన కాలు మెల్లగా వెనక్కి తీసుకున్నాడు.