కళ్ళకి హాయి

“ఆ తెర ఎందుకలా నల్లగా పెట్టుకున్నారు పెద్దక్కా?”

ప్రూఫుల విభాగం అధికారి గుమ్మంలోనే నిలబడి అడిగాడు. ఆ ప్రచురణ సంస్థలో అందరూ ఆయన్ని చాటుగా డేగ అంటారు. గదిలో ఏ మూల ఎవరు ఆవులించినా ఆయన కంట పడాల్సిందే.

పెద్దక్క చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు తీసింది. ఆ గదిలో అందరికంటే సీనియరు. రిటైరవడానికి ఇంకా పద్నాలుగు నెలలుంది. ఆ కుర్చీ తప్ప ఆమెకి ఇంకో ఆధారం లేదని అక్కడ అందరికీ తెలుసు.

“కళ్ళకి హాయిగా ఉంటుంది సార్. నలుపు మీద తెల్లక్షరాలు. తెలుపు పెట్టుకుంటే పొద్దస్తమానం ట్యూబులైటు వంక చూస్తూ కూర్చున్నట్టే.”

“ముప్ఫై ఏళ్ళు తెల్ల కాగితం మీద నల్లక్షరాలే దిద్దారుగా. అప్పుడు లేని ఇబ్బంది ఇప్పుడెక్కణ్ణించి వచ్చింది?”

“కాగితం వెలగదు కదండీ!”

పక్క సీటమ్మాయి కిసుక్కున నవ్వింది. డేగ అటు తిరిగాడు.

“నీదీ నలుపేనా?”

“లేదు సార్. నాకు నలుపు మీద అక్షరాలు అలుక్కుపోయినట్టు ఉంటాయి. తెలుపే బాగుంటుంది. ఎవరి కళ్ళు వాళ్ళవి.”

డేగ గిరుక్కున తిరిగి వెళ్ళిపోయాడు గానీ, ఒళ్ళు మండిపోతోంది. జవాబు మరీ అంత చక్కగా ఉండటమే ఆయనకి నచ్చలేదు. తప్పు చేసేవాళ్ళే జవాబులు ముందుగా వండి పెట్టుకుంటారని ఆయన నమ్మకం.

తెల్ల తెర అయితే నడవాలోంచి వెళ్తూ ఎవరేం దిద్దుతున్నారో ఓరకంట చూసేయొచ్చు. వెలుగు తగ్గించి పెట్టిన ఆ నల్ల తెర మీద మాత్రం దగ్గరికెళ్ళి వంగితే తప్ప ఒక్క ముక్క అంతుపట్టదు. మూడు వారాలుగా పెద్దక్క ఏం చదువుతోందో ఆయనకి తెలీదు. బయటి సంస్థల పుస్తకాలు తెచ్చి ఆఫీసు వేళల్లో దిద్దిపెడుతోందని ఆయన గట్టి అనుమానం. అది రుజువైతే ఉద్యోగం ఊడినట్టే. ఆ ఉత్తరం కూడా టైపు చేయించి సొరుగులో పెట్టుకున్నాడు. తేదీ వెయ్యడమే తరువాయి.

ఆ రోజు నుంచి కళ్ళల్లో ఒత్తులు వేసుకుని కనిపెట్టాడు. చెవుల్లో ఎప్పుడు చూసినా ఆ ఇయర్‌ఫోన్లే. అవతల ఎవరో చెబుతుంటే వింటున్నట్టు తలూపుతూ ఉంటుంది. టీకి వెళ్ళినా, మెట్లు దిగినా ఆ పక్క సీటమ్మాయితోనే, చేతిలో చెయ్యి వేసుకుని. ఈ వయసులో ఆ చిన్నపిల్లతో అంత స్నేహమేమిటి? ఇద్దరూ కలిసే నడిపిస్తున్నారన్నమాట! ఇన్ని చేస్తున్నా పని మాత్రం మునుపటికంటే బాగుంది. ఒక్క ఒత్తు జారినా పట్టేస్తోంది. ఆయనకి అదీ అనుమానమే.

చివరికి ఆగలేక వెళ్ళి అడిగేశాడు.

“ఆ చెవుల్లో ఏమిటి పెద్దక్కా? పాటలా?”

“మిషను చేత చదివించుకుంటున్నాను సార్. కంటికి దొరకని తప్పు చెవికి దొరుకుతోంది. వింటారా?”

విన్నాడు. ఎవరో అప్పజెబుతున్నట్టు ఎత్తూ పల్లం లేని గొంతు. చదువుతున్నది తమ సంస్థ పుస్తకమే, మూడో అధ్యాయం. ఆయన అడుగుల చప్పుడు విని అసలుది దాచేసి ఇది పెట్టి ఉంటుంది. గడుసుది!

మర్నాడు పదకొండింటికి ఆడవాళ్ళిద్దరూ చెట్టాపట్టాలేసుకుని టీకి వెళ్ళగానే, డేగ పిల్లిలా అడుగులు వేసుకుంటూ వచ్చి పెద్దక్క కుర్చీలో కూర్చున్నాడు. ఫైళ్ళు వెతికాడు. ఏమీ దొరకలేదు. దాంతో తెర రంగే మార్చేశాడు. నలుపు పోయి తెలుపు వచ్చింది. వెలుగు కూడా పూర్తిగా పెంచేశాడు. ఆయనకే కళ్ళు జిగేల్మన్నాయి.

లెక్క తేలికే. దొంగపని ఉన్న మనిషైతే కూర్చోగానే కంగారు పడి మళ్ళీ నలుపు చేస్తుంది. అదే కళ్ళ బాధ నిజమైతే, ‘ఎవరు మార్చారు?’ అని గొంతు చించుకుంటుంది. కంగారు పడిందా, మధ్యాహ్నానికల్లా ఉత్తరం చేతిలో పెట్టేస్తాడు.

పెద్దక్క కుర్చీ వెనక అలమరా ఉంది. అందులో ఏదో వెతుకుతున్నట్టు నిలబడ్డాడు.

ఇద్దరూ వచ్చారు. అమ్మాయి పెద్దక్కని కుర్చీ దాకా దిగబెట్టి, కప్పులు కడగడానికి వెళ్ళింది. పెద్దక్క కూర్చుని ఇయర్‌ఫోన్లు పెట్టుకుంది. వేళ్ళు మీటల మీద ఆనించింది. తెల్లటి వెలుగు ఆమె ముఖమంతా పరుచుకుంది.

కంగారు పడలేదు. అరవనూ లేదు.

ఒక నిమిషం చూశాడు. రెండు నిమిషాలు చూశాడు. ఆమె తలూపుకుంటూ, టకటకా దిద్దుకుంటూ పోతోంది. ఎంత గుండె నిబ్బరం! డేగకి ఉక్రోషం ఆగలేదు. గిర్రున చుట్టూ తిరిగొచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

“ఏం పెద్దక్కా! తెర ఎలా ఉంది?”

ఆమె ఉలిక్కిపడి, ఆ గొంతు వచ్చిన వైపు ముఖం తిప్పి నవ్వింది.

“హాయిగా ఉంది సార్. ఈ నలుపే లేకపోతే నా కళ్ళు ఏనాడో పోయేవి!”