మెట్లలో పిట్ట

“ఆ ఫోన్ ఎత్తావంటే నేను వెళ్ళి బస్సులో కూర్చుంటా,” అంది నమ్రత.

కౌశిక్ చేతిలో ఫోన్ మోగుతూనే ఉంది. తెర మీద గౌరీశంకర్ పేరు. కాలిఫోర్నియాలో, వాళ్ళుండే డబ్లిన్ ఊళ్ళో, ఉదయం పది. ఇక్కడ, మెక్సికోలోని చిచెన్ ఇట్సాలో, పదకొండు. ఎదురుగా మాయన్ల పిరమిడ్ ఎండకి తెల్లగా మెరుస్తోంది. దాని వైపు చూసే తీరిక కౌశిక్‌కి లేదు.

“ఎత్తకపోతే ఎలా? డబ్లిన్‌లో ఇంట్లో కూర్చుని వర్క్ చేస్తున్నానని చెప్పాను కదా మేనేజర్‌కి.”

“శుభ్రంగా లీవ్ అడగాల్సింది.”

“అడిగాను. రిలీజ్ వీక్‌లో లీవేంటయ్యా, పదకొండేళ్ళుగా నేను రిలీజ్ వీక్‌లో సీట్లోంచి లేవలేదు అన్నాడు. నా వీసా ఎక్స్‌టెన్షన్ లెటర్ మీద ఇంకా ఆయన సంతకం పడలేదు. ఇప్పుడు దొరికిపోయానంటే ఉద్యోగం పోతుంది. అరవై రోజుల్లో అమెరికా నుంచి సామాను సర్దుకోవాలి.”

“ఇంతకీ నువ్వు తాళి కట్టింది నాకా, ఆ ఫోన్‌కా?”

కూతురు దేదీప్య తండ్రి చొక్కా పట్టుకుని లాగింది. ఎనిమిదేళ్ళ పిల్ల. స్కూల్లో మాయన్ల పాఠం విన్న రోజు నుంచీ ఇదే గోల.

“నాన్నా, ఆ పిరమిడ్ స్టెప్స్ ముందు క్లాప్ చేస్తే ఎకో బర్డ్‌లా అరుస్తుంది. మనం టుగెదర్ చేద్దాం అన్నావు. యూ ప్రామిస్డ్.”

“ఇక్కడ పదిహేను నిమిషాలే!” పసుపు గొడుగు పైకెత్తి కేకేశాడు గైడ్. “తర్వాత మన గ్రూప్ బంతాట మైదానానికి వెళ్తుంది. ఎవరి కోసమూ ఆగేది లేదు!”

ఫోన్ ఆగిపోయింది. వెంటనే మళ్ళీ మోగింది.

“ఐదే నిమిషాలు బంగారం, వచ్చేస్తా. నువ్వు అమ్మతో వెళ్ళు,” అంటూనే కౌశిక్ పరుగెత్తాడు.

నిశ్శబ్దంగా ఉన్న చోటు ఎక్కడుంది? బాటకి రెండు వైపులా బొమ్మలూ, టోపీలూ, దుప్పట్లూ అమ్మేవాళ్ళు. వాళ్ళని దాటుకుని చెట్లలోకి వెళ్ళాడు. వెనక్కి తిరిగి చూస్తే పిరమిడ్ కనపడటం లేదు, జనం గోలా వినపడటం లేదు. ఆయాసం అణుచుకుని ఫోన్ ఎత్తాడు.

“ఏమయ్యా, రెండు సార్లు చేస్తే గానీ ఎత్తవా?” అన్నాడు గౌరీశంకర్.

“బాత్రూమ్‌లో ఉన్నానండీ.”

“సరే సరే. ఆ లాగిన్ బగ్ ఏమైంది?”

“ఫిక్స్ పొద్దున్నే పంపానండీ. టెస్టింగ్ వాళ్ళు చూస్తున్నారు.”

అప్పుడే ఒక బొమ్మలవాడు వెతుక్కుంటూ వచ్చినట్టు వచ్చి, మట్టి ఈల నోట్లో పెట్టుకుని ఊదాడు. అచ్చం చిరుతపులి గాండ్రింపు! కౌశిక్ రెండు చేతులూ జోడించి వాడికి దండం పెట్టాడు. వాడు నవ్వి, ఇంకోసారి ఊది వెళ్ళిపోయాడు.

“అదేంటయ్యా?”

“టీవీ అండీ. స్ప్రింగ్ బ్రేక్ కదా, మా పాప ఏదో జంతువుల ప్రోగ్రామ్ చూస్తోంది.”



“తగ్గించమను,” అన్నాడు గౌరీశంకర్.

“అలాగేనండీ. మీ వైపు కూడా ఏదో సందడిగా ఉంది?”

“ఆఫీస్ కెఫెటేరియాలో ఉన్నానయ్యా. కాఫీ కోసం లేచానంతే. మళ్ళీ సీట్లోకి పోతా. మనమే ఇలా అటూ ఇటూ తిరిగితే రిలీజ్ ఎవడు చేస్తాడు?”

కౌశిక్ తల దించుకున్నాడు. ఆ మనిషి కాఫీ తాగడానికి లేచినందుకే సంజాయిషీ చెప్పుకుంటున్నాడు. తనేమో దేశం దాటి వచ్చి, నిలువునా అబద్ధాలాడుతున్నాడు. వాచీ చూసుకున్నాడు. తొమ్మిది నిమిషాలు అయిపోయాయి.

“ఇంక ఉంటానండీ మరి?”

“ఆగవయ్యా, ఏం తొందర? క్లయింట్ దగ్గర్నుంచి మెయిల్ వచ్చినట్టుంది. చూసి చెప్తా. లైన్లోనే ఉండు.”

మళ్ళీ ఏ పులి అరుస్తుందోనని కౌశిక్ తన ఫోన్‌ని మ్యూట్‌లో పెట్టాడు. చుట్టూ ఆకు కదలడం లేదు. చెమట మెడ మీంచి వీపులోకి కారుతోంది. పది నిమిషాలు. పదకొండు. పసుపు గొడుగు ఈపాటికి కదిలే ఉంటుంది. పిల్ల చప్పట్లకి చేతులు ఎత్తి పెట్టుకుని తన కోసం నాలుగు వైపులా చూస్తూ ఉంటుంది. మళ్ళీ జన్మలో తన మాట నమ్ముతుందా?

కట్ చేసి పరుగెత్తితే? సిగ్నల్ పోయిందని తర్వాత చెప్పుకోవచ్చు. నమ్మకపోతే? ఆ సంతకం?

పన్నెండు నిమిషాలు.

“అలో, గౌరీశంకర్ గారూ...” అన్నాడు. మ్యూట్‌లో ఉన్న సంగతి గుర్తొచ్చి నాలిక కరుచుకున్నాడు. పోతే పోనీ అనుకుని ఎర్ర బటన్ మీదికి వేలు పోనిచ్చాడు.

అంతలో ఫోన్‌లోంచి చప్పట్లు వినిపించాయి. చిన్న చేతులు, గట్టిగా, రెండే రెండు సార్లు. ఆ వెనకే రాతి మెట్ల లోపల ఎక్కడో పిట్ట కూసినట్టు సన్నగా, సాగుతూ ఒక కూత.

కౌశిక్ ఫోన్‌ని చెవికి అదుముకున్నాడు.

“నాన్నా, ఎక్కడున్నావ్? తొందరగా రా! బర్డ్ అరిచింది!” గౌరీశంకర్ ఫోన్‌లోంచి దేదీప్య పిలుస్తోంది.