పన్నెండో ప్రశ్న

"చెయ్యెత్తనిది ఒక్కరే," అంది ప్రూఫులు దిద్దే అమ్మాయి. "మళ్లీ పిన్నే."

కంపోజిటరు చేతిలో కాగితాలు బల్లకేసి కొట్టాడు. ఈ ఒక్క విషయం మీద ఇది నాలుగో మీటింగు.

ఆ ప్రెస్సుకి యజమాని లేడు. ఉన్నది నలుగురు. పేజీలు కట్టే కంపోజిటరు, ప్రూఫుల అమ్మాయి, మెషిన్ నడిపే ఆయన, పుస్తకాలు కుట్టే పిన్ని. మెషినాయన్ని అందరూ బావగారనే పిలుస్తారు, ఎవరికి బావో ఎవరికీ తెలీదు. నలుగురూ ఒప్పుకుంటేనే ఏదైనా అచ్చవుతుంది. పట్టుబట్టి ఆ నియమం పెట్టించింది కంపోజిటరే. ఇప్పుడది అతని మెడకే చుట్టుకుంది.

అచ్చు కావలసింది అతను రాసిన పుస్తకం. పాలకులు లేని సమాజం ఎలా ఉంటుందో ఇరవై ప్రశ్నలు, ఇరవై జవాబులు. పంతొమ్మిదింటికి పిన్ని తలూపింది. పన్నెండో దాని దగ్గర మొరాయించింది. 'ఆ సమాజంలో దేశాల మధ్య సరిహద్దులు ఉండాలా?' అక్కర్లేదని కంపోజిటరు నాలుగు పేజీలు రాశాడు.

"పిన్నీ, ఈసారి అభ్యంతరం ఏమిటి?" అన్నాడు, గొంతు తగ్గించుకుని.

"ఉండాలి."

"అదే, ఎందుకుండాలి?"

"ఉండాలంతే. కంచె ఉండాలి. గోడైతే ఇంకా మంచిది."

"గోడా!"

"ఎత్తుగా. దూరం నుంచే కనబడేలా."

బావగారు గడియారం కేసి చూశాడు. అతనికి టిఫిను డబ్బా తెరవాల్సిన వేళ దాటి అరగంటయింది.

"మొన్న రోగాలొస్తాయన్నారు," కంపోజిటరు వేళ్లు మడిచాడు. "దానికి జవాబు రాశాను. దొంగలొస్తారన్నారు. దానికీ రాశాను. అటువాళ్లు వచ్చి మన నీళ్లు తాగేస్తారన్నారు. దానికి ఒకటిన్నర పేజీ! ఇప్పుడేమో గోడ కట్టమంటున్నారు. అసలు పాలకుడే లేనప్పుడు గోడ ఎవడి కోసం పిన్నీ? గీత గీసింది రాజు. రాజు పోయాక గీతెందుకు?"

"రాజు పోయాడని అందరికీ చెప్పావా? కాపలా వాడికి చెప్పావా?"

"కాపలా వాడే ఉండడండీ!"

"ఆ మాట నువ్వంటున్నావు," అంది పిన్ని, అట్టలకి జిగురు రాసుకుంటూ.

అమ్మాయి నవ్వాపుకుంది. కంపోజిటరుకి ఒళ్లు మండిపోయింది. ఆరేళ్లు రాత్రనక పగలనక రాసుకున్న పుస్తకం. ఆదివారం సభకి మూడొందల ప్రతులు పంపుతానని మాటిచ్చాడు. ఇవాళ గురువారం.

"ఇలా కాదు," అన్నాడు లేచి. "కావాలని అడ్డం పడేవాళ్లతో పని సాగదు. పిన్ని ఇక మీటింగులకి రాకూడదు. కుట్టుపని చూసుకుంటే చాలు. ఒప్పుకునేవాళ్లు చెయ్యెత్తండి."

ఎవరూ ఎత్తలేదు.

"సరిహద్దులు వద్దని పుస్తకం రాసి, పిన్నిని గుమ్మం దగ్గర ఆపుతావా అన్నా?" అంది అమ్మాయి.

బావగారు డబ్బా తీసుకుని బయటికి నడిచాడు. అమ్మాయి కూడా వెళ్లిపోయింది. కంపోజిటరు కాసేపు కిటికీ ఊచలు పట్టుకుని నిలబడ్డాడు. సిగ్గేసింది. కోపం మాత్రం తగ్గలేదు. పదకొండేళ్లుగా తన పుస్తకాలన్నీ కుట్టిపెట్టిన మనిషి, దేశం, గోడ, కాపలా అంటూ మాట్లాడుతుంటే మింగుడు పడటం లేదు. పిన్ని బల్ల దగ్గరికి వెళ్లి ఎదురుగా పీట లాక్కున్నాడు.

"తప్పుగా మాట్లాడాను పిన్నీ."

"పర్లేదు అబ్బాయ్. నాకూ పట్టుదల ఎక్కువే."

"ఎన్ని పేజీలు తీసెయ్యమంటారు? రెండా? చెప్పండి, తీసేస్తాను. ఆదివారానికి పుస్తకం బయటికి వస్తే చాలు."

పిన్ని చేతులు తుడుచుకుంది. పన్నెండో ప్రశ్న ఉన్న ప్రూఫు వెతికి తీసి, పైన ఒక చోట వేలు పెట్టింది.

"మిగతాదంతా నీ ఇష్టం. ఈ ఒక్క మాట తియ్యి. చెయ్యెత్తుతాను."

కంపోజిటరు వంగి చదివాడు. 'సరిహద్దు అనేది పటం మీదే ఉంటుంది. నేల మీద అలాంటి గీతేదీ లేదు.' పుస్తకం మొత్తంలో అతనికి బాగా నచ్చిన వాక్యం అదే.

"ఇదా? నాలుగు మీటింగులూ దీని కోసమా! మొదటిరోజే చెప్పకూడదా?"

"నోరు రాలేదు."

"ఇందులో అబద్ధమేముంది పిన్నీ? ఈ వాక్యం తీస్తే ఇంక పుస్తకమెందుకు? నేల మీద గీతుంటుందా? మీరెప్పుడైనా సరిహద్దు దగ్గరికెళ్లి చూశారా?"

"చూశాను."

అతను తడబడ్డాడు. "ఎప్పుడు?"

"పెళ్లయిన రెండో ఏడు. అవతల నుంచే కదా వచ్చాను."

"మరి... అక్కడ గీతుందా?"

"లేదు. నువ్వు రాసినట్టే. ఇటూ గడ్డే, అటూ గడ్డే."

"అదే కదా నేను మొత్తుకునేది!" కంపోజిటరు ముందుకి జరిగాడు. "మీ కళ్లతో చూసి కూడా ఎందుకు అడ్డుపడుతున్నారు?"

పిన్ని ప్రూఫు మడత పెట్టి అతని చేతిలో ఉంచింది.

"కాపలా వాళ్ల తుపాకులకి కనబడకుండా ఇద్దరం పొట్ట మీద పాక్కుంటూ వచ్చాం అబ్బాయ్. గీతంటూ ఉంటే, ఎక్కడిదాకా పాకాలో తెలిసేది."

అతను కాగితం మడత విప్పి ఆ వాక్యం మళ్లీ చూశాడు.

"దాటేశామనుకుని మీ బాబాయి లేచి నిలబడ్డాడు."